నాపరాళ్ల దారికి పక్క చక్రాల స్కూటర్‌ను సర్దుకున్న డైరీ

బండి, దారి, ఇబ్బంది

బండి 110 సీసీ ఆటోమేటిక్ స్కూటర్. వెనక చక్రానికి రెండు వైపులా పక్క చక్రాలు బిగించి ఉన్నాయి. ముందు ఒక చక్రం, వెనక వరసలో మూడు. ఇంజను తిప్పేది మధ్య చక్రాన్ని మాత్రమే. బ్రేకులు కూడా ముందు చక్రానికీ మధ్య చక్రానికే ఉన్నాయి. పక్క రెండూ ఆసరాకు ఉన్నవి. పోలియో వల్ల నా ఎడమ కాలు బరువు ఆనదు. బండి ఎడమకు ఒరిగితే కాలు మోపి ఆపడం నాకు సాధ్యం కాదు. కాబట్టి ఈ డైరీలోని ప్రతి కొలతా నాకు అవసరమైనదే.

దారి నంద్యాల జిల్లాలో బనగానపల్లె వైపు ఉన్న ఒక ఊరి బడికి వెళ్లేది. మొదట తారు రోడ్డు, చివరి నాలుగు కిలోమీటర్లు నాపరాతి గనుల లారీలు, ట్రాక్టర్లు తిరిగే మట్టిదారి. ఎండాకాలంలో పలచటి రాతి ముక్కలు అంచుల మీద నిలబడి ఉంటాయి, వాటి మీద చీలమండ లోతు దుమ్ము. వానాకాలంలో అదే దారి నల్లరేగడి బురద.

మొదటి రోజుల నుంచి కనిపించిన ఇబ్బందులు నాలుగు.

1. ఒక పక్క చక్రం రాయి ఎక్కగానే నడుము నుంచి తల వరకు పక్కకు విసిరినట్టు అవుతుంది.
2. చిన్న గుంతలో కూడా మధ్య చక్రం నేల వదిలి ఊరికే తిరుగుతుంది, బండి ఆగిపోతుంది.
3. ఒక పక్క చక్రం దుమ్ములో దిగితే హ్యాండిల్ అటే గుంజుతుంది.
4. పక్క చక్రాల బ్రాకెట్ల దగ్గర వెల్డింగు చీలుతుంది.

బిగించిన షాపులో ఈ బండికి పెట్టిన పరీక్ష ఒక్కటే: సిమెంటు నేల మీద నిలబెట్టి, అటూ ఇటూ ఊపి, కదలకపోతే బాగున్నట్టు. సిమెంటు నేలకు అది సరిపోతుంది. గుంతల దారికి కావలసినది దానికి దాదాపు వ్యతిరేకం. పక్క చక్రాలు తక్కువ బరువు మోయాలి, మెత్తగా కదలాలి, ఎక్కువ దూరం కిందికీ పైకీ వెళ్లగలగాలి. కింద రాసిన పనులన్నీ ఆ మూడింటి కోసమే చేసినవి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇలాంటి బండ్లను దివ్యాంగులకు అందిస్తున్నాయి, సొంతంగా బిగించుకున్నవాళ్లూ చాలామంది ఉన్నారు. వాళ్లలో పల్లెదారుల్లో తిరిగేవాళ్లకు ఈ కొలతలు నేరుగా పనికివస్తాయి. పక్క చక్రాల బిగింపు మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కిందికి వచ్చే మార్పు. దాన్ని రిజిస్ట్రేషన్ పత్రంలో ఎక్కించుకున్న తరవాతే ఈ సర్దుబాట్ల జోలికి వెళ్లండి. బీమా కంపెనీ అడిగేది ఆ పత్రాన్నే.

దశ 1: ఏ చక్రం ఎంత మోస్తోంది

ఈ పనిని ముందు చేయకుండా ఏ బోల్టూ విప్పవద్దు. కావలసిన సామాను: 150 కిలోల వరకు తూచే డిజిటల్ కాటా, దాని మందంతో సమానంగా కోయించిన చెక్క పలకలు మూడు, తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం, టేపు, సుద్ద ముక్క.

1. చదునైన గచ్చు చూసుకుని రసమట్టంతో రెండు దిక్కులా సరిచూడాలి.
2. ఒక చక్రం కింద కాటా, మిగతా మూడింటి కింద పలకలు పెట్టాలి. పలక మందం కాటా ఎత్తుతో మిల్లీమీటరు వరకు కలవాలి. గట్టి స్ప్రింగుల బండిలో 5 మి.మీ. తేడా వస్తే అంకె పది కిలోలు మారుతుంది.
3. రోజూ కూర్చునే మనిషే, రోజూ మోసే సంచితోనే కూర్చోవాలి. కాళ్లు బండి ఫుట్‌బోర్డు మీదే ఉండాలి.
4. బండిని ఒకసారి కిందికి నొక్కి వదిలాక అంకె రాసుకోవాలి. ఇలా నాలుగు చక్రాలకూ చేయాలి.

నా బండి 108 కిలోలు, పక్క చక్రాల సామగ్రి 29, సంచితో కలిపి నేను 66. మొత్తం 203. చక్రాల వారీగా వచ్చినది ఇది: ముందు 58, ఎడమ పక్క 47, మధ్య 41, కుడి పక్క 57.

నడిపించే చక్రం కంటే ఆసరా చక్రాలు ఎక్కువ మోస్తున్నాయి. అన్ని ఇబ్బందులకూ మూలం ఇక్కడే దొరికింది. తడి రేగడి మీద టైరు పట్టు 0.3 అనుకుందాం, నిజానికి అంతకన్నా తక్కువ ఉన్న రోజులూ ఉంటాయి. 41 కిలోల బరువుకు దొరికే తోపు 12 కిలోలు. పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎక్కుడులో 203 కిలోల బండిని లాగాలంటే 20 కిలోల తోపు కావాలి. ఇంజనులో ఎంత శక్తి ఉన్నా ప్రయోజనం లేదు, చక్రం అక్కడే తిరుగుతుంది. ఎండిన తారు మీద పట్టు 0.7 దాకా ఉంటుంది కాబట్టి అదే బరువుకు 28 కిలోల తోపు వస్తుంది. అందుకే టౌనులో ఈ లోపం బయటపడదు.

కుడివైపు పది కిలోలు ఎక్కువ రావడానికి కారణం నేను కూర్చునే తీరు. ఎడమ కాలిని కాపాడుకుంటూ కుడికి జరిగి కూర్చుంటాను. మీ బండిలో ఇది వేరుగా ఉంటుంది. నా అంకెలు తెచ్చి మీ బండికి పెట్టకండి, కొలిచే పద్ధతిని మాత్రమే తీసుకోండి.

రెండో కొలత పేరు పలకల పరీక్ష. మనిషి కూర్చుని ఉండగా రెండు పక్క చక్రాల కింద సన్నని చెక్కలు ఒకదానిపై ఒకటి పెంచుకుంటూ పోవాలి. ఇంజను ఆపి ఉన్నప్పుడు మధ్య చక్రాన్ని మరొకరు చేత్తో తిప్పితే తేలికగా తిరిగే వరకు పెంచాలి. ఆ ఎత్తు ఎంతో, అంత లోతు గుంత మధ్య చక్రం కిందికి వస్తే బండి ఆగిపోతుందని అర్థం. నాకు వచ్చినది 22 మి.మీ. అంగుళం కూడా లేదు.

ఖర్చు: కాటా 900, రసమట్టం 150. ఇప్పటివరకు 1,050 రూపాయలు.
మధ్య చక్రం మీద 41 కిలోలు. పలకల పరీక్ష 22 మి.మీ.

దశ 2: గాలి

డబ్బు ఖర్చు లేని పని కనుక ముందు దీన్ని చూశాను. బిగించినవారు అన్ని టైర్లకూ 32 పీఎస్‌ఐ గాలి కొట్టి పంపారు. ఇలాంటి స్కూటర్లకు కంపెనీ చెప్పే గాలి ఒక్కరే ఉన్నప్పుడు ముందు 22, వెనక 29. వెనక చెప్పిన 29 ఒకే చక్రం బరువంతా మోస్తుందని చెప్పినది. ఇప్పుడు అదే బరువు మూడు చక్రాల మీద పడుతోంది. 50 కిలోలు మోసే పక్క టైరుకు 32 పెడితే అది రాయిలా మారి, ప్రతి గులకనూ సీటు దాకా తెస్తుంది.

సీటు మీద ఫోను కట్టి, త్వరణం కొలిచే ఉచిత యాప్ పెట్టి, గని మలుపు దగ్గర సుద్దతో గుర్తులు పెట్టిన ఒకే ముక్క దారిని గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దాటుతూ చూశాను. పక్కకు వచ్చే కుదుపు గురుత్వంలో 0.62 వంతు ఉన్నది, పక్క టైర్లు 16కు దించగానే 0.50కి తగ్గింది. హాయిగా అనిపించి 12కు దించితే నాపరాయి అంచు టైరును నొక్కుకుంటూ వెళ్లి రిమ్మును సొట్ట చేసింది. రిమ్ము అంచు వంగితే ట్యూబ్‌లెస్ టైరులో గాలి నిలవదు. సొట్ట తీయించి, 16 దగ్గర స్థిరపరిచాను. రాతి ముక్కలు లేని మట్టిదారి అయితే 14 సరిపోవచ్చు. నాపరాళ్ల దారికి మాత్రం 16 కంటే దించవద్దని గట్టిగా చెబుతాను.

ముందు 22, మధ్య 26, పక్కలు 16. మూడు వందలు రిమ్ముకు పోయాయి.

ఇప్పటివరకు 1,350 రూపాయలు. బరువు, పలకల పరీక్ష మారలేదు.

దశ 3: పక్క చక్రాలను పైకి జరపడం

పక్క చక్రం షాక్ అబ్జార్బర్ పైకొన ఒకే రంధ్రంలో బిగించి ఉంది. ఎత్తు మార్చే వీలు లేదు. ఆ బ్రాకెట్ స్థానంలో 6 మి.మీ. మందం ఇనుప పలకకు నిలువు గాడి కోయించి, లేత్ షాపులో వెనక సన్నని పళ్లు పెట్టించాను. బోల్టు బిగిస్తే పళ్లు పట్టుకుంటాయి, జారవు. పళ్లు లేని ఒట్టి గాడి పెట్టించుకుంటే మట్టిదారి కుదుపులకు బోల్టు మెల్లగా పైకి పాకుతుంది. బండి ఒకవైపు కుంగుతూ పోతుంది. ఆ సంగతి పక్క ఊరి బండిలో చూసి, ముందే పళ్లు అడిగాను.

1. కాటా మీద ఉంచి, ఎడమ 13 మి.మీ., కుడి 17 మి.మీ. పైకి జరిపాను.
2. ప్రతి రెండు మిల్లీమీటర్లకూ నాలుగు చక్రాలూ మళ్లీ తూచాను. ఒక మూలను కదిపితే అన్ని మూలలూ మారతాయి.
3. వెనక మధ్య చక్రం మీద 68 కిలోలు వచ్చిన చోట ఆపాను. 68లో 0.3 వంతు 20 కిలోలు. ఎక్కుడుకు కావలసినది అదే.

ఎడమ 39, మధ్య 68, కుడి 38. పలకల పరీక్ష 37 మి.మీ.కి వచ్చింది. వెనక బ్రేకు పట్టు కూడా స్పష్టంగా పెరిగింది, ఎందుకంటే బ్రేకు ఉన్న చక్రం మీదే ఇప్పుడు బరువు ఉంది. తడి రోడ్డు మీద లోగడ బ్రేకు నొక్కితే మధ్య చక్రం బిగుసుకుని జారేది. ఇప్పుడు ఆగుతోంది.

కాగితం మీద బాగానే ఉంది. దారిలో మాత్రం పక్క చక్రాలు టపటపా కొట్టుకోవడం మొదలైంది. స్ప్రింగును కొలిస్తే కారణం తెలిసింది. 40 కిలోల బియ్యం మూటలు పెడితే అది 12 మి.మీ. మాత్రమే దిగింది. అంటే మిల్లీమీటరుకు 3.3 కిలోలు. ఇప్పుడు పక్క చక్రం మోసేది 38 కిలోలే కనుక స్ప్రింగు పదకొండు మిల్లీమీటర్లే నొక్కుకుని ఉంటుంది. పక్క చక్రం కింద పన్నెండు మిల్లీమీటర్ల పల్లం వచ్చినా చక్రం గాలిలో తేలుతుంది, తిరిగి నేలను తాకేటప్పుడు దెబ్బలా పడుతుంది. బరువు తగ్గిస్తే సరిపోదు, స్ప్రింగు కూడా మెత్తబడాలి.

ఖర్చు: 1,200. ఇప్పటివరకు 2,550.
మధ్య చక్రం 68 కిలోలు. పలకల పరీక్ష 37 మి.మీ.

దశ 4: స్ప్రింగులు

వెల్డింగు మేస్త్రీ దీనికి ఒప్పుకోలేదు. "సార్, స్ప్రింగు మెత్తబడితే బండి పడవలా ఊగుతుంది, మీకు కాలు కూడా ఆనదు కదా" అన్నాడు. ఆయన భయం నిజమైనదే కాబట్టి లెక్క వేసి చూపించి అడిగాను.

మొపెడ్ వెనక షాక్‌లు ఒక జత పాతవి తెచ్చాం. 40 కిలోలకు 30 మి.మీ. దిగాయి, అంటే మిల్లీమీటరుకు 1.33 కిలోలు. పొడవు తేడాను, నొక్కుకునే తేడాను కలిపి చూసుకుని పైకొనను గాడిలో మళ్లీ సర్దాలి. స్ప్రింగు ఒక్కటే లెక్కకు తీసుకుంటే 17 మి.మీ. దించాల్సి వచ్చింది. స్ప్రింగు మార్చాక కాటా మీద తూచి సర్దకుండా బండి బయటికి తీసుకువెళ్తే పక్క చక్రాల మీద బరువు బాగా తగ్గిపోయి ఉంటుంది, మలుపులో ప్రమాదం.

సర్దాక ఎడమ 39, మధ్య 68, కుడి 38 అవే అంకెలు మళ్లీ వచ్చాయి. పలకల పరీక్ష మాత్రం 52 మి.మీ.కి చేరింది. పక్క చక్రం ఇప్పుడు 28 మి.మీ. పల్లం వరకు నేలను వదలదు.

ఇక ఊగడం సంగతి. బరువు కేంద్రం ఎత్తు 65 సెం.మీ. అని అంచనా వేసుకున్నాను. పక్క చక్రాల నడుమ దూరం 96 సెం.మీ. గురుత్వంలో 0.2 వంతు పక్కతోపు వచ్చే మలుపులో గట్టి స్ప్రింగులతో బండి ఒక డిగ్రీ ఒరిగితే, మెత్తని వాటితో రెండున్నర డిగ్రీలు ఒరుగుతుంది. ఒరుగుదల పెరిగింది, నిజమే. కానీ లోపలి చక్రం ఎప్పుడు తేలుతుందన్నది స్ప్రింగు గట్టిదనం మీద కాక, ఆ చక్రం మోస్తున్న బరువు మీద ఆధారపడుతుంది. 38 కిలోలతో అది 0.28 వంతు దగ్గర తేలుతుంది. పది మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో అది గంటకు దాదాపు 19 కిలోమీటర్ల వేగం. బండి పూర్తిగా బోల్తా పడే హద్దు అదే మలుపులో లెక్క ప్రకారం 26. ఒరుగుదల, గుంతలు కలిస్తే అంతకంటే కిందే. ఇరుకు మలుపుల్లో నేను 15 దాటను.

చక్రాలను ఇంకా బయటికి జరిపితే బాగుంటుందని చాలామంది సలహా ఇస్తారు. వెడల్పు 106 సెం.మీ. చేసి లెక్క వేశాను. లోపలి చక్రం తేలే వేగం 19 నుంచి 20కి దగ్గరగా వస్తుంది. ఒక కిలోమీటరు లాభం కోసం ఇరుసు మీద వంపు పెరుగుతుంది, బడి గేటు సందులో పట్టదు, ట్రాక్టరు గాడుల దారిలో మరింత ఇరకాటం. ఆ ఆలోచన వదిలేశాను.

పాత షాక్‌లలో ఒకటి నూనె కారింది. చేత్తో నొక్కి వదిలితే ఒకసారి పైకి వచ్చి, కొద్దిగా దిగి ఆగాలి. కారిన వైపు మూడు నాలుగుసార్లు ఎగిరింది. స్ప్రింగు మెత్తగా ఉన్నప్పుడు షాక్‌లో నూనె బాగుండటం మరింత ముఖ్యం, లేకపోతే మేస్త్రీ చెప్పినట్టే జరుగుతుంది. అది మార్పించాను.

ఒక విషయం ఈ దశలోనే స్పష్టమైంది. బండిని నిలబెట్టి ఒక పక్క చక్రం కింద 5 సెం.మీ. చెక్క పెట్టి రసమట్టంతో చూస్తే, గట్టి స్ప్రింగులైనా మెత్తని స్ప్రింగులైనా ఒరుగుదల దాదాపు ఒకటే: 3 డిగ్రీల చుట్టూ. ముందు చక్రమూ మధ్య చక్రమూ ఒరగడాన్ని ఆపలేవు కాబట్టి బండి చివరికి పక్క చక్రాల వాలుకే వచ్చి నిలుస్తుంది. నేల నుంచి 140 సెం.మీ. ఎత్తున్న తల అప్పుడు 7 సెం.మీ. పక్కకు జరుగుతుంది. మెత్తని స్ప్రింగు ఉపయోగం కదులుతున్నప్పుడే తెలుస్తుంది. చక్రం రాయి మీదికి వెళ్లి దిగేలోగా బండి పూర్తిగా ఒరిగే సమయం దొరకదు. గుర్తులు పెట్టిన ముక్కలో 20 వేగంతో పక్కకుదుపు 0.50 నుంచి 0.35కి వచ్చింది. నడుముకు తెలిసే తేడా అది.

ఖర్చు: షాక్‌ల జత 1,400, బుష్‌లు (కీళ్లలో వేసే చిన్న గొట్టాలు) 360, కూలి 500, కారిన షాక్ మార్పు 700. ఇప్పటివరకు 5,510.
మధ్య చక్రం 68 కిలోలు. పలకల పరీక్ష 52 మి.మీ.

దశ 5: కడ్డీ ప్రయోగం, రబ్బరు ఆపులు

కార్లలో రెండు చక్రాలనూ కలిపే మెలిక కడ్డీ ఉంటుంది. రెండు చక్రాలూ కలిసి లేస్తే అది అడ్డుపడదు, ఒకటే లేస్తే మెలిక తిరిగి ఒరుగుదలను ఆపుతుంది. అదే ఇక్కడ పెడితే మలుపుల్లో ఊగడం తగ్గుతుందని 16 మి.మీ. మామూలు ఇనుప కడ్డీని వంచి, రెండు పక్క చక్రాల ఆర్మ్‌లకు (చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేతులకు) కలిపాం.

తారు రోడ్డు మీద బండి చక్కగా నిలబడింది. గనుల దారి ఎక్కాక రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఒక చక్రం రాయి ఎక్కితే ఆ దెబ్బను కడ్డీ రెండో చక్రానికి కూడా చేరవేసి, పక్కకుదుపును 0.35 నుంచి మళ్లీ 0.48కి తెచ్చింది. రెండు, కడ్డీ మెలిక పడి అలాగే ఉండిపోయింది. కాటా పెడితే ఎడమ 31, కుడి 46. మామూలు ఇనుము ఆ మెలికను తట్టుకోదు. చక్రాల నడుమ 4 సెం.మీ. తేడా వస్తే చాలు, నిలబడిపోయే వంపు వస్తుంది. స్ప్రింగు ఉక్కుతో చేయిస్తే రెండో లోపం పోతుంది, మొదటిది పోదు. రాళ్ల దారికి ఈ కడ్డీ పనికిరాదని తీసేశాను. రోజూ తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లకైతే స్ప్రింగు ఉక్కు కడ్డీ మంచి ఆలోచనే.

దాని బదులు ఆటో విడిభాగాల దుకాణంలో దొరికే కోన్ ఆకారపు రబ్బరు ఆపులు రెండు తెచ్చాను. పక్క చక్రం 35 మి.మీ. పైకి లేచాక మాత్రమే రబ్బరు తగిలేలా పెట్టాలి. మొదటి 35 మిల్లీమీటర్లు మెత్తన, ఆ తరవాత క్రమంగా గట్టి. గాడిలో ఎత్తు మార్చిన ప్రతిసారీ ఈ 35ను మళ్లీ చూసుకోవాలి. రబ్బరు ముందే తగులుతుంటే మెత్తని స్ప్రింగు పెట్టి ఏమీ లాభం ఉండదు.

ఖర్చు: కడ్డీ 650, రబ్బరులు 240. ఇప్పటివరకు 6,400.
ఎడమ 39, మధ్య 68, కుడి 38. పలకల పరీక్ష 52.

దశ 6: వెల్డింగు చీలిక

కొత్త బ్రాకెట్ కింద, వెల్డింగు ముగిసే చోట, వెంట్రుక మందం గీత కనిపించింది. వెల్డింగు విరగలేదు, దాని అంచున ఉన్న గొట్టం చీలింది. పలచని గొట్టానికి మందపాటి పలక అతికితే, ప్రతి కుదుపుకూ వంపంతా ఆ సరిహద్దు గీత మీదే పడుతుంది. చీలిక మీద మళ్లీ వెల్డింగు పోసి పంపడం మామూలుగా చేసే మరమ్మతు. అలా చేస్తే కొన్నాళ్లకు దాని పక్కనే చీలుతుంది.

చేసిన పని:

1. చీలిక కొన ఎక్కడుందో కిరోసిన్ రాసి, తుడిచి, సుద్ద పూసి చూశాం. కిరోసిన్ ఊరిన గీత కంటికి కనిపించిన దానికంటే పొడవుగా ఉంది.
2. కొన దగ్గర 3 మి.మీ. రంధ్రం వేసి చీలిక ముందుకు పాకకుండా ఆపాం.
3. గీత పొడవునా గ్రైండరుతో గాడి తీసి వెల్డింగు నింపాం.
4. గొట్టాన్ని సగం చుట్టుకునేలా వంచిన 3 మి.మీ. రేకును దాని మీద అతికాం. రేకు కొనలు నిటారుగా కాకుండా చేప తోక ఆకారంలో కోయించాం. గొట్టానికి అడ్డంగా వెల్డింగు గీత రాకూడదు.
5. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పాం.

రెండో వైపు చీలిక లేకపోయినా అదే రేకు పెట్టించాను.

ఖర్చు: 900. ఇప్పటివరకు 7,300.

దశ 7: వానలు పడ్డాక, నడిపే తీరు

తొలకరితో రేగడి పని మొదలైంది. పక్క చక్రాల మడ్‌గార్డులకూ టైరుకూ మధ్య సందు 18 మి.మీ. ఉండేది. బురద అందులో కూరుకుని చక్రం తిరగడం ఆగిపోయింది, బండి దాన్ని ఈడ్చుకుంటూ పోయింది. మడ్‌గార్డులను 50 మి.మీ. ఎత్తుకు లేపాక ఆ బాధ తగ్గింది. ఆ రెండు బోల్టులు మార్చడానికి పైసా ఖర్చు కాలేదు.

బండిని ఎంత సర్దినా రెండు చక్రాల బండి అలవాటుతో నడిపితే ఈ దారిలో ఇబ్బందే. ముఖ్యంగా గాడుల దగ్గర.

మా దారిలో ట్రాక్టరు గాడుల మధ్య దూరం 140 సెం.మీ., గాడి వెడల్పు 30, లోతు 12. మోటారు సైకిల్ వాళ్లు గాడిలో దిగి అందులోనే పోతారు. పక్క చక్రాల బండికి ఇది అన్నిటికంటే చెడ్డ దారి. ముందు చక్రమూ మధ్య చక్రమూ గాడిలోకి దిగుతాయి, పక్కవి రెండూ గట్ల మీద నిలుస్తాయి. 52 మి.మీ. వరకు తట్టుకునే బండి 120 మి.మీ. గాడిలో పూర్తిగా వేలాడుతుంది. గట్టు మధ్య మీదే పోదామంటే గట్టు వెడల్పు 110, బండి వెడల్పు టైర్లతో కలిపి 105. అటూ ఇటూ రెండున్నర సెంటీమీటర్లు; తడి గట్టు అంచు అంత నమ్మదగినది కాదు.

పనిచేసే పద్ధతి ఒకటే. ఒక పక్క చక్రాన్ని కావాలనే గాడిలో దించి, ముందు, మధ్య, రెండో పక్క చక్రాలను గట్టు మీద ఉంచాలి. బండి 7 డిగ్రీలు ఒరుగుతుంది, కానీ నడిపే చక్రం కింద గట్టి నేల ఉంటుంది. ఆ ఒరుగుదలతో ఎత్తు వైపు చక్రం నుంచి 17 కిలోలు కింది వైపుకు జరుగుతాయి. 38లో ఇంకా 21 మిగులుతుంది. గాడి 15 సెం.మీ. కంటే లోతుంటే ఈ పద్ధతి వద్దు, దిగి వేరే దారి చూసుకోవాలి. నేను ఎప్పుడూ కుడి చక్రాన్నే గాడిలో దించుతాను, ఎందుకంటే ఒరిగితే కుడి కాలు ఆనించగలను. మీ బలమైన కాలు ఏదో అటు వైపే దించండి. నడుమును మాత్రం ఎత్తు వైపుకు వంచి ఉంచాలి.

మిగతావి క్లుప్తంగా:

1. గుంతను ముందు చక్రంతో తప్పిస్తే సరిపోదు. పక్క చక్రం 48 సెం.మీ. బయట వస్తోంది. ముందు టైరుకూ పక్క టైరుకూ మధ్య ఖాళీ 39 సెం.మీ.; 30 సెం.మీ. లోపు గుంతను ఆ ఖాళీలోంచి పోనివ్వవచ్చు.
2. స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా దాటవద్దు. ఆటోలు అలా దాటడం చూసి చాలామంది అదే చేస్తారు. నిటారుగా వెళ్తే రెండు పక్క చక్రాలూ ఒకేసారి ఎక్కి ఒకేసారి దిగుతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, దాటే వేగం గంటకు 25 కిలోమీటర్లు. ఊళ్లలో వేసేవి అదే ఎత్తుతో అర మీటరు వెడల్పు కూడా ఉండవు. వాటిని నడక వేగంతోనే దాటాలి.
3. పెద్ద రాళ్ల మీద నెమ్మదిగా పోతే దెబ్బ తగ్గుతుంది గానీ ఒరుగుదల పూర్తిగా వస్తుంది. శరీరాన్ని ముందే రాయి ఉన్న వైపుకు వంచాలి.
4. ఒక పక్క చక్రం దుమ్ములో దిగి హ్యాండిల్ గుంజినప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలకూడదు. వదిలితే ఆ చక్రం ఈడ్పు మరింత పైచేయి అవుతుంది. మోచేతులు వదులుగా, పట్టు గట్టిగా ఉంచి అదే వేగంతో బయటికి తేవాలి.
5. మలుపు మధ్యలో బ్రేకు వద్దు. బరువు ముందు చక్రం వైపు జరుగుతుంది. అక్కడ బండికి వెడల్పు లేదు. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి.
6. సామాను సీటు వెనక, కింది ఎత్తులో పెట్టాలి. కాళ్ల దగ్గర బియ్యం మూట పెడితే బరువు కేంద్రం ముందుకు వచ్చి బోల్తా హద్దు తగ్గుతుంది.

ఇప్పటి కొలతలు, మిగిలిన పని

మొత్తం ఖర్చు 7,300 రూపాయలు. అందులో పనికిరానిది కడ్డీ 650. మధ్య చక్రం 41 నుంచి 68 కిలోలకు, పలకల పరీక్ష 22 నుంచి 52 మి.మీ.కి, పక్కకుదుపు 0.62 నుంచి 0.35కి వచ్చాయి. బడి ముందున్న ఎక్కుడు తడి రోజుల్లో దిగకుండా ఎక్కుతున్నాను. వాన దంచి కొట్టిన మర్నాడు మాత్రం ఇంకా ఎవరో ఒకరు తోయాల్సి వస్తోంది. అప్పుడు పట్టు 0.3 కూడా ఉండదు.

నెలకోసారి చూసుకునేవి: గాడి బోల్టుల బిగింపు, ఆర్మ్ బుష్‌ల వదులు, రేకు అంచుల్లో చీలిక, నాలుగు చక్రాల తూకం. ఎడమ కుడి తేడా 4 కిలోలు దాటితే ఏదో ఒకటి వంగిందనో, షాక్ కారుతోందనో అర్థం.

పక్క చక్రాలకు బ్రేకులు లేకపోవడం ఇంకా అలాగే ఉంది. దిగుడు దారిలో 203 కిలోల బండిని ఆపే భారం రెండు చక్రాల మీదే పడుతోంది. పక్క చక్రాల హబ్బుల్లో డ్రమ్ బ్రేకుకు చోటు ఉంది. రెండు తీగలను ఒకే లీవరుతో సమానంగా లాగే పట్టీ తయారు చేయాలి. లాగుడు సమానంగా లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒకవైపు తిరుగుతుంది కనుక, ముందు దాన్ని బండి మీద కాకుండా బల్ల మీద బిగించి, రెండు తీగల చివర స్ప్రింగు తక్కెడలు కట్టి లాగి చూస్తాను. రెండు తక్కెడల తేడా అర కిలో లోపు వచ్చాకే బండికి ఎక్కిస్తాను.